పాల ప్యాకెట్టు మీద పేరే ఒప్పందం

తెల్లవారుజామున అయిదున్నరకు మా వీధి చివర పాల దుకాణం ముందు నిలబడితే వినిపించేవన్నీ రంగులే. "రెండు నీలం, ఒక ఆరెంజ్" అని ఒకరు, "ఆకుపచ్చ అయిపోయిందా? సరే, నీలమే ఇవ్వండి" అని ఇంకొకరు. పాల పేరు అడిగేవాళ్లు అరుదు. రంగు డెయిరీ తన సౌకర్యానికి ఎంచుకున్నది. డెయిరీ మారితే అదే రంగు సంచిలో వేరే రకం పాలు ఉండవచ్చు. చట్టం కట్టడి చేసింది పేరును. సంచి మీద చిన్న అక్షరాల్లో ఉండే "టోన్డ్", "ఫుల్ క్రీమ్" అనే మాటల వెనక కచ్చితమైన అంకెలున్నాయి. ఆ అంకెలు తప్పితే డెయిరీ మీద కేసు పెట్టవచ్చు. పాలకే కాదు, పన్నీరుకు, చీజ్‌కు, నెయ్యికి, ఐస్‌క్రీముకు కూడా ఇదే వర్తిస్తుంది. మనం డబ్బు ఇచ్చేది పేరుకు. ఆ పేరుకు అర్థం తెలియకుండా ఇస్తున్నాం, నా బాధ అదే.

ముందు పాల లెక్క చూద్దాం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అని పిలిచే భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతానికి తగ్గకూడదు. స్టాండర్డైజ్డ్ పాలలో 4.5, టోన్డ్ పాలలో 3, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం ఉండాలి. దీని పక్కనే ఇంకో అంకె ఉంటుంది. పాల కేంద్రంలో పాలు పోసే ఏ రైతును అడిగినా చెబుతారు దాని పేరు: ఎస్‌ఎన్‌ఎఫ్. వెన్న తీసేస్తే పాలలో మిగిలే గట్టి పదార్థమంతా, అంటే మాంసకృత్తులు, పాల చక్కెర, కాల్షియం వంటి ఖనిజాలు అన్నీ కలిపి ఎస్‌ఎన్‌ఎఫ్. ఇది ఫుల్ క్రీమ్‌లో 9, స్టాండర్డైజ్డ్‌లో 8.5, టోన్డ్‌లో 8.5, డబుల్ టోన్డ్‌లో 9 శాతం. ఈ రెండు వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వెన్న నాలుగో వంతుకు పడిపోతున్నా ఎస్‌ఎన్‌ఎఫ్ దాదాపు కదలదు. అంటే టోన్డ్ పాల నీలం సంచి కొన్న ఇంట్లో పిల్లలకు మాంసకృత్తులు, కాల్షియం తక్కువ అందుతున్నాయని దిగులు పడనక్కర్లేదు. తగ్గింది వెన్న, దాంతోపాటు వచ్చే రుచి, చిక్కదనం. చవక పాలు కొంటున్నానని నొచ్చుకునే తల్లులు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు.

టోన్డ్ పాలంటే నీళ్లు కలిపిన పాలే కదా అని అడుగుతారు. నిజానికి ఆ ఆలోచన పుట్టిందే గేదె పాలను పలుచన చేయడం నుంచి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో బొంబాయిలో పాలకు కటకట వచ్చింది. అక్కడ దారా ఖురోడీ అనే డెయిరీ అధికారి ఒక ఉపాయం పన్నారు. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది. దానికి నీళ్లు కలిపితే వెన్న తగ్గుతుంది, పరిమాణం పెరుగుతుంది, కానీ ఎస్‌ఎన్‌ఎఫ్ కూడా తగ్గిపోతుంది. ఆ లోటును వెన్న తీసిన పాలపొడితో పూడిస్తే వెన్న మాత్రమే తక్కువగా ఉన్న పాలు తయారవుతాయి, ధర దిగుతుంది, ఎక్కువ ఇళ్లకు అందుతాయి. 1963లో రామన్ మెగసెసే అవార్డును అమూల్‌ను నిలబెట్టిన వర్గీస్ కురియన్, త్రిభువన్‌దాస్ పటేల్‌లతో పాటు పంచుకున్న ఖురోడీ ఈయనే. పాలవాడు కలిపే నీళ్లకూ టోన్డ్ పాలలోని నీళ్లకూ తేడా ఇప్పుడు తేలిపోతుంది. పాలవాడు నీళ్లు కలిపి ఊరుకుంటాడు. డెయిరీ పోయిన ఘనపదార్థాన్ని తిరిగి చేర్చి, ఆ సంగతి పేరులోనే చెబుతుంది.

విడి పాలు పోయించుకునే ఇళ్లలో లాక్టోమీటరు మీద నమ్మకం ఎక్కువ. మా నాన్న ఒకటి కొని వంటింటి గూట్లో పెట్టుకున్నారు. గాజు గొట్టం పాలలో తేలుతూ ఏ గీత దగ్గర ఆగిందో చూసి తృప్తి పడేవారు. ఆ పరికరం కొలిచేది సాంద్రత ఒక్కటే. మంచి పాలు నీళ్ల కంటే కొంచెం బరువు, లీటరు సుమారు 1,030 గ్రాములు. నీళ్లు కలిపితే పాలు తేలికై గొట్టం కిందికి మునుగుతుంది, నిజమే. కానీ వెన్న నీళ్ల కంటే తేలిక. మీగడ తీసేస్తే మిగిలిన పాలు ఇంకా బరువెక్కుతాయి. కాబట్టి ముందు మీగడ తీసి, తర్వాత కొలతగా నీళ్లు పోస్తే ఒకటి పెంచిన సాంద్రతను రెండోది దించుతుంది, గొట్టం సరైన గీత దగ్గరే నిలబడుతుంది. పాలు రెండు విధాలా నష్టపోయినా లాక్టోమీటరు మాత్రం మంచి మార్కులే వేస్తుంది. పాల సేకరణ కేంద్రాల్లో వెన్న శాతాన్ని విడిగా పరీక్షించి, వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ అనే రెండు అంకెల మీద రైతుకు డబ్బు కట్టడానికి కారణం ఇదే. ఇంట్లో లాక్టోమీటరు ఒక్కదాన్నే నమ్ముకోవడం తప్పు.

ఇక ఏ సంచి గిట్టుబాటు? ఒక లీటరు ఫుల్ క్రీమ్‌లో టోన్డ్ కంటే సుమారు 30 గ్రాముల వెన్న ఎక్కువ. రెండింటి ధరల మధ్య తేడా రాసుకుని, 30 గ్రాముల నెయ్యి మీ ఊళ్లో ఎంతవుతుందో పక్కన వేసి చూడండి. చాలా చోట్ల ఫుల్ క్రీమ్ కొని మీగడ తీసుకునే ఇంటికే లెక్క కలిసి వస్తుంది. మీగడ తీయని, నెయ్యి కాచని ఇంటికి టోన్డ్ పాలే చాలు. కానీ ఒక మెలిక ఉంది. సంచి మీద "హోమోజెనైజ్డ్" అని ఉంటే పాలను ఎక్కువ ఒత్తిడితో సన్నని సందుల్లోంచి పంపి వెన్న కణాలను చితక్కొట్టారని అర్థం. అవి మళ్లీ ఒకచోట చేరి పైకి తేలవు. "ఎంత కాచినా మీగడ కట్టడం లేదు, వెన్నంతా లాగేసుకున్నారు" అని డెయిరీని తిట్టుకునేవాళ్లు చూడాల్సింది ఈ మాట. వెన్న ఎక్కడికీ పోలేదు, పాలలోనే చెదిరి ఉంది. నెయ్యి కోసమైతే ఆ మాట లేని ఫుల్ క్రీమ్ వెతుక్కోవాలి.

పాశ్చురైజ్ చేసిన పాలను కాచనక్కర్లేదని చెప్పేవాళ్లున్నారు. డెయిరీలో పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లారుస్తారు. హానిచేసే సూక్ష్మజీవులు దాంతో చస్తాయి. అక్కడి నుంచి మీ గడప దాకా అదే చల్లదనంలో వస్తే కాచకుండా తాగినా ఇబ్బంది లేదు. మే నెలలో దుకాణం ముందు ప్లాస్టిక్ డబ్బాల్లో ఎండకు ఎదురుచూసే సంచులను రోజూ చూస్తున్నాను. అందుకే నా మటుకు నేను ఒక పొంగు రానిస్తాను. అట్టపెట్టెల్లో వచ్చే యూహెచ్‌టీ పాల సంగతి వేరు. వాటిని 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లు వేడిచేసి, గాలి తగలకుండా మూస్తారు. తెరిచేదాకా ఫ్రిజ్ అక్కర్లేదు. తెరిచాక అవీ మామూలు పాలే.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు మొదటి నెలలో ఫోను చేసి అడిగే ప్రశ్న ఒకటుంది: "హోల్ మిల్క్ కొన్నా పెరుగు గట్టిగా ఎందుకు తోడుకోవడం లేదు?" అక్కడ హోల్ మిల్క్‌కు ఉండాల్సిన వెన్న 3.25 శాతం. పేరులో "హోల్" ఉన్నా మన టోన్డ్ పాలకు దగ్గరి అంకె అది. పైగా అంతా ఆవు పాలు. గేదె పాల పెరుగు తిని పెరిగిన నాలుకకు అది పలుచగా తోచడంలో వింత లేదు. అందుకే చాలామంది హాఫ్ అండ్ హాఫ్ అనే, 10 శాతానికి పైగా వెన్న ఉన్న సీసాను కొంచెం కలిపి తోడు వేస్తారు.

ఆవు పాల మాట వచ్చింది కాబట్టి ఏ2 గురించి. పాలలోని బీటా కేసీన్ అనే మాంసకృత్తి గొలుసులో 67వ స్థానంలో హిస్టిడిన్ ఉంటే ఏ1, ప్రోలీన్ ఉంటే ఏ2. అంతకు మించిన రహస్యం లేదు. ఒంగోలు వంటి దేశవాళీ ఆవుల పాలలో ఏ2 ఎక్కువ. గేదె పాలు కూడా ఏ2 రకమే. తరతరాలుగా గేదె పాలు తాగుతున్న తెలుగు ఇంటికి ఏ2 అనే ముద్ర వేసి రెండింతల ధరకు అమ్మడం నాకు కష్టంగా తోస్తుంది. ఈ ముద్రను తొలగించాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 ఆగస్టు 21న కంపెనీలకు చెప్పింది. అయిదు రోజులు తిరగకుండానే ఆ మాటను వెనక్కి తీసుకుంది. దేశవాళీ ఆవును పోషించే రైతుకు ఎక్కువ డబ్బు చేరాలని మీరు కొంటుంటే అది గౌరవించదగ్గ కారణం. ఆరోగ్యం కోసమైతే మామూలు గేదె పాలు చాలు.

పెరుగు గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఈ విషయంలో మన ఇళ్లకు ఒకరు నేర్పాల్సింది తక్కువ. ఒక్క సూచన: దుకాణంలో కొన్న పెరుగు గడ్డలా ఉండటానికి కారణం పాలను తోడు వేసే ముందు 85, 90 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచడం. అప్పుడు తేటలోని మాంసకృత్తులు కేసీన్‌కు అంటుకుని నీటిని పట్టి ఉంచుతాయి. ఇంట్లో పొంగిన వెంటనే దించకుండా సన్నటి సెగ మీద అయిదారు నిమిషాలు మరగనిస్తే మన పెరుగూ గట్టిపడుతుంది. ప్యాకెట్టు మీద పేరు కోసం ఈ పెరుగు ఒక పోరాటమే చూసింది. 2023 మార్చిలో దక్షిణాదిన పెరుగు సంచుల మీద "దహీ" అని రాయాలన్న ఆదేశం వచ్చి, తమిళనాడు, కర్ణాటక భగ్గుమన్నాయి. నెలాఖరుకల్లా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సవరించుకుని "కర్డ్" పక్కన ఏ ప్రాంతం మాట ఆ ప్రాంతం వాళ్లు రాసుకోవచ్చంది. ఆ ప్రకటనలో ఇచ్చిన ఉదాహరణల్లో మొసరు, తయిర్‌లతో పాటు మన "పెరుగు" కూడా ఉంది.

అసలు మోసం ఎక్కువగా జరిగేది పన్నీరు దగ్గర. మా ఇంట్లో ఒక శుభకార్యానికి నేనే రెండు కిలోల విడి పన్నీరు తెచ్చాను. తెల్లగా, నున్నగా, అంచులు తీర్చినట్టుగా ఉంది. నూనెలో వేసి తీస్తే పైన జిడ్డు తేలింది. ముక్క నోట్లో వేసుకుంటే రబ్బరులా సాగింది, పాల వాసన మచ్చుకైనా లేదు. మర్నాడు వెళ్లి అది వచ్చిన అట్టపెట్టె చూపించమన్నాను. పెట్టె మీద స్పష్టంగా ఉంది: అనలాగ్ అని, లోపల పామ్ నూనె, పిండి పదార్థం, పాలపొడి అని. తయారీదారు చట్ట ప్రకారం నిజమే రాశాడు. కత్తితో కోసి కవరులో వేసి ఇచ్చేటప్పుడు ఆ నిజం పెట్టె దగ్గరే ఆగిపోయింది.

పన్నీరు అనే పేరుకు హక్కు ఉండాలంటే పాలను నిమ్మరసం లాంటి పులుపుతో విరగ్గొట్టి తీసినదై ఉండాలి. తేమ 60 శాతం మించకూడదు. తేమ తీసేసి చూస్తే మిగిలిన దాంట్లో సగమైనా పాల కొవ్వు ఉండాలి. పాల కొవ్వు బదులు నూనె పోస్తే అది అనలాగ్. అలా రాసి అమ్మడం నేరం కాదు, పన్నీరని అమ్మడం నేరం. ఇంట్లో చేసే అయోడిన్ పరీక్ష గురించి అందరూ విన్నదే: ముక్కను నీళ్లలో ఉడికించి చల్లార్చి రెండు చుక్కలు వేస్తే నీలం రంగు రావడం పిండి పదార్థానికి గుర్తు. కానీ పిండి లేకుండా నూనె మాత్రమే కలిపితే నీలం రాదు. రంగు రాలేదని గుండె మీద చెయ్యి వేసుకోవద్దు. నేను ఇప్పుడు చేస్తున్నది లెక్క. లీటరు ఫుల్ క్రీమ్ పాలు విరగ్గొడితే దాదాపు 200 గ్రాముల పన్నీరు వస్తుంది. అంటే కిలోకు అయిదు లీటర్ల పాలు. అయిదు లీటర్ల పాల ధర కంటే బాగా తక్కువకు ఎవరైనా కిలో పన్నీరు ఇస్తున్నారంటే పాలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్టు పన్నీరు మీద జీఎస్టీ కూడా లేదు. విడిగా కొనడానికి మిగిలిన ఒక్క సాకూ పోయింది.

ఇదే పేరు మార్పిడి ఐస్‌క్రీము పెట్టెలోనూ ఉంది. ఐస్‌క్రీమంటే పాల కొవ్వు 10 శాతం ఉండాలి. దాని బదులు వంట నూనెల కొవ్వు వాడితే "ఫ్రోజెన్ డెజర్ట్" అని రాయాలి. రెండూ ఒకే పెట్టెలో, ఒకేలాంటి కప్పుల్లో ఉంటాయి. చిన్న అక్షరాలు చదివితే చాలు.

గుడ్డు విషయానికి వస్తే ఇది మన సొంత వ్యవహారం. 2023-24లో దేశం మొత్తం మీద 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయితే అందులో ఆంధ్రప్రదేశ్ వాటా దాదాపు 18 శాతం, తెలంగాణ వాటా దాదాపు 13 శాతం. అంటే దేశంలో ప్రతి పది గుడ్లలో మూడు తెలుగు నేల మీద పెట్టినవే. గోదావరి జిల్లాల్లో తణుకు, అనపర్తి చుట్టుపక్కల ఫారాల నుంచి లారీలు బెంగాల్‌కు, బిహార్‌కు, అస్సాంకు వెళ్తాయి. అంత దూరపు గిరాకీ మన వీధి దుకాణంలో ధరను ఆడిస్తుంది. శ్రావణంలో, కార్తికంలో ఇక్కడ తినేవాళ్లు తగ్గి ధర మెత్తబడుతుంది. ఉత్తరాదిన చలి ముదిరితే పైకి లేస్తుంది. పత్రికల్లో రోజూ కనిపించే వంద గుడ్ల ధర నెక్ అని పిలిచే జాతీయ గుడ్ల సమన్వయ సంఘం సూచించేది. దళారులు ఫారం దగ్గర తోచిన ధర కట్టి రైతులను ముంచుతున్న రోజుల్లో, 1982లో, వెంకటేశ్వర హేచరీస్ స్థాపకులు బి.వి. రావు ముందుండి దాన్ని కట్టారు. తన గుడ్డుకు తానే ధర చెప్పుకునే హక్కు రైతుకు ఉండాలన్నది అప్పటి పట్టుదల.

మనం గుడ్డును లెక్క పెట్టి కొంటాం, తూచి కొనం. ఇక్కడే తేడా దాగి ఉంది. అగ్‌మార్క్ కొలతల్లో 60 గ్రాములు దాటింది అతి పెద్ద గుడ్డు, 53 నుంచి 59 దాకా పెద్దది, 45 నుంచి 52 దాకా మధ్యస్థం, 38 నుంచి 44 దాకా చిన్నది. ట్రే ధర తక్కువని తెచ్చుకున్న ముప్పై గుడ్లు ఒక్కొక్కటి 45 గ్రాములే ఉంటే, 55 గ్రాముల గుడ్ల ట్రేతో పోలిస్తే మీరు 300 గ్రాములు తక్కువ తెచ్చుకున్నారు. అది పెద్ద గుడ్లు అయిదారింటి బరువు. వంటింటి త్రాసు ఉంటే ఒకసారి తూచి చూడండి.

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పోషకాలతో సంబంధం లేదు. గోధుమ రంగు గుడ్డంటే నాటు గుడ్డనుకుని రెండింతలు ఇచ్చేవాళ్లున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన గ్రామప్రియ కూడా గోధుమ రంగు గుడ్లే పెడుతుంది. మంచి కోడే, కానీ అది తాతల నాటి నాటుకోడి కాదు. పచ్చసొన ముదురు రంగు కూడా మేతను బట్టే. మొక్కజొన్న, ఆకు, బంతిపూల సారం ఎక్కువైతే సొన కాషాయం తిరుగుతుంది.

గుడ్డు తాజాదనం మాత్రం ఇంట్లోనే తెలుస్తుంది. పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ ఆరి, గుండ్రటి వైపు గాలి గది పెరుగుతుంది. గిన్నెడు నీళ్లలో వేస్తే కొత్త గుడ్డు అడుగున పడుకుంటుంది, పాతబడుతున్నది నిటారుగా లేస్తుంది, బాగా పాతది తేలుతుంది. ఉడికించిన గుడ్డు పెంకు సరిగ్గా ఊడిరాక తెల్లసొన చిరిగిపోతే దుకాణదారును తప్పు పట్టకండి, అది కొత్త గుడ్డు. తెచ్చిన గుడ్లను కడిగి దాచడం మంచి అలవాటు కాదు. పెంకు మీద సహజంగా ఉండే సన్నని పొర కడిగితే పోయి, రంధ్రాలకు కాపలా ఉండదు. వండే ముందు కడుక్కోవచ్చు. అమెరికాలో కడిగే అమ్ముతారు, అందుకే అక్కడ గుడ్లు తప్పనిసరిగా చల్లటి గదిలో ఉంటాయి. ఇక ప్లాస్టిక్ గుడ్లు అనేవి లేవు. పాత గుడ్డు లోపలి పొర ఎండి కాగితంలా వస్తే దాన్నే వీడియోలు తీసి భయపెట్టారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఇది అపోహేనని తేల్చి చెప్పింది.

నెయ్యిని ఇంట్లో పరీక్షించడం మాత్రం మన చేతుల్లో లేదు. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి మీద వివాదం రేగాక అరచేతిలో కరగడం, పూస కట్టడం, వాసన అంటూ రకరకాల చిట్కాలు చేతులు మారాయి. పూస కట్టడం నిదానంగా చల్లారడం వల్ల వస్తుంది. ఆ పని నూనె కలిపిన నెయ్యి కూడా చేయగలదు. ప్రయోగశాల చూసేది వేరే. పాల కొవ్వులో బ్యూటిరిక్ వంటి చిన్న గొలుసు ఆమ్లాలు ఉంటాయి, వేడికి ఆవిరయ్యే రకం. వంట నూనెల్లో అవి దాదాపు ఉండవు. ఆ ఆమ్లాల మొత్తాన్ని ఆర్‌ఎం విలువ అంటారు. నూనె కలిసేకొద్దీ అది పడిపోతుంది. పశువుకు పత్తిగింజలు ఎక్కువ పెట్టినా అది తగ్గుతుంది. అందుకే పత్తి పండే ప్రాంతాల నెయ్యికి విడిగా పరిమితి పెట్టుకున్నారు. ఇంకో ఉపాయం నాకు ఎంతో నచ్చింది. మన దేశంలో వనస్పతి తయారీదారులు తమ సరుకులో 5 శాతం నువ్వుల నూనె కలపాలని చాలాకాలం నిబంధన ఉండేది. నువ్వుల నూనె రసాయన పరీక్షలో ఎర్రగా మారుతుంది. వనస్పతిని ఎవరైనా నెయ్యిలో కలిపితే నువ్వులు సాక్ష్యం చెప్పేవి.

ఇక చీజ్. మా అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు సూపర్ బజారులో చల్లటి గాజు తలుపు ముందు ఆగి, పసుపుపచ్చ ముక్కల పెట్టె చూపిస్తూ, "జున్నంటే ఇదేనట కదా, మీ పిల్లాడి పుస్తకంలో రాసి ఉంది. ఇందులో బెల్లం ఎక్కడ?" అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. నిఘంటువుల్లో, అనువాదాల్లో చీజ్‌కు జున్ను అని రాసేవాళ్లు ఎందరో. అది సరికాదని నా గట్టి అభిప్రాయం.

పాలు గట్టిపడే దారులు వేరు వేరు. పులుపు తగిలితే కేసీన్ గడ్డకడుతుంది, అది పెరుగు. వేడి పాలలో పులుపు పోస్తే పన్నీరు. రెన్నెట్ అనే ఎంజైము కేసీన్ కణం పైపొరను కత్తిరిస్తే అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డ అవుతుంది. తేట పిండేసి, ఉప్పు పట్టించి, నెలల తరబడి మాగపెడితే చెడ్డార్ లాంటి చీజ్. ఇలాంటి గట్టి చీజ్ కిలో కావాలంటే పది లీటర్ల దాకా ఆవు పాలు కావాలి. రెన్నెట్ పూర్వం లేగదూడ కడుపు లోపలి పొర నుంచి తీసేవారు. మన దేశంలో ఆకుపచ్చ చుక్క ఉన్న చీజ్‌లో సూక్ష్మజీవుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. విదేశాల్లో ఆ చుక్క ఉండదు, కాబట్టి శాకాహారులు పదార్థాల జాబితా చదవాలి. ఇటలీ పార్మిజానో రెజానోకు దూడ రెన్నెట్ వాడటం దాని నియమాల్లోనే ఉంది.

మా అమ్మ చూపించిన ముక్కలు, పలుచటి స్లైసులు, గుండ్రటి డబ్బాలు చాలావరకు ప్రాసెస్డ్ చీజ్. మాగిన చీజ్‌ను తురిమి, సిట్రేట్, ఫాస్ఫేట్ లవణాలతో వేడిచేసి కలిపితే కొవ్వు విడిపోకుండా నున్నటి ముద్ద అవుతుంది, ఎక్కువకాలం నిల్వ ఉంటుంది. స్విట్జర్లాండ్‌లో 1911లో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. 1916లో అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ అనే చీజ్ వ్యాపారి ఇలాంటి పద్ధతి మీద పేటెంటు తీసుకున్నారు. దీన్ని చెడ్డ సరుకని తీసిపారేయను. కానీ "చీజ్", "ప్రాసెస్డ్ చీజ్", "చీజ్ స్ప్రెడ్" అనే వరుసలో కిందికి వెళ్లేకొద్దీ తేమ పెరుగుతుంది: ప్రాసెస్డ్ చీజ్‌లో 47 శాతం, స్ప్రెడ్‌లో 60 శాతం దాకా ఉండవచ్చు. వందగ్రాముల ధర పోల్చేటప్పుడు నీటికి ఎంత కడుతున్నామో గుర్తుండాలి. రోజూ పిల్లల డబ్బాలో పెట్టేవాళ్లు ఉప్పు, సోడియం అంకె కూడా చూడాలి. పిజ్జా మీద తీగలు సాగాలంటే మొజరెల్లా కొనాలి. దాని గడ్డను వేడినీళ్లలో సాగదీసి మడుస్తారు కాబట్టి ఆ గుణం వస్తుంది. పదార్థాల్లో వెజిటబుల్ ఫ్యాట్ కనిపిస్తే అది పన్నీరు కథే, మళ్లీ చెప్పను.

జున్ను వీటిలో దేనికీ చెందదు. పులుపూ అక్కర్లేదు, రెన్నెట్ అక్కర్లేదు. ఈనిన గేదె మొదటి రెండు మూడు రోజుల పాలలో, దూడకు రోగాన్ని తట్టుకునే శక్తినిచ్చే మాంసకృత్తులు దండిగా ఉంటాయి. అవి వేడి తగలగానే, గుడ్డు తెల్లసొనలాగే, వాటంతట అవే గట్టిపడతాయి. ఇప్పుడు జున్ను పొడి అని, తక్షణ జున్ను అని పొట్లాలు దొరుకుతున్నాయి. కొనేముందు వెనక్కి తిప్పి చూడండి, అగర్ లాంటి గట్టిపరిచే పదార్థం ఉందేమో. నిజమైన జున్నుపాలకు చీటీ ఉండదు, పాడి ఉన్న ఇంటివాళ్ల మాట ఒక్కటే ఉంటుంది.

ఆ రోజు సాయంత్రం మా అమ్మ ఊరి నుంచి తెచ్చిన సీసా మూత తీసింది. లేత పసుపు రంగులో, చెంచా ముంచితే జిగురుగా సాగే పాలు. గరిటెడు పోసి సన్నటి మంట మీద పట్టుకుంది. నిమిషం తిరక్కముందే అంచుల నుంచి మధ్యకు బిగుసుకుంటూ వచ్చి, గరిట వంచినా జారనంత గట్టిగా అయింది. "మొదటి పూట పాలే" అంది. అలాగే వండితే రాయిలా అవుతాయని, గ్లాసుకు రెండు గ్లాసుల మామూలు పాలు కొలిచి పోసింది. బెల్లం తురుము, మిరియాల పొడి, యాలకుల పొడి వేసి గిన్నెను ఆవిరి మీద పెట్టింది. మామూలు పాలకు నేను ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చింది పొద్దున కొన్న నీలం సంచి.